తొమ్మిది బొమ్మల గుమ్మం

ఫిబ్రవరి 16, ఆదివారం. జోంబా.

ఇంటి సంగతులు రాసుకునే అలవాటు నాకు లేదు. బడిలో ఉన్నన్నాళ్ళూ బడి సంగతులు రాశాను. హెడ్‌మిస్ట్రెస్‌గా దిగిపోయాక రాయవలసినంత విషయం ఈ ఇంట్లో ఏదీ జరగలేదు. ఇప్పుడు జరుగుతోంది. మా మనవరాలు తమాండకు యూనివర్సిటీలో లా సీటు వచ్చింది. వచ్చే శుక్రవారం సాయంత్రం అయిదు లోపల, ఆ సీటు తనకు కావాలని ఇంటర్నెట్‌లో ఒప్పుకోలు పంపాలి. పంపకపోతే జాబితాలో తరువాతి పేరుకు పోతుంది. నాలుగు రోజులుగా పంపడానికి చూస్తోంది. పంపలేకపోతోంది. జరిగింది జరిగినట్టు ఒకచోట ఉండాలి. తరువాత ఎవరూ, నాతో సహా, తమకు తోచినట్టు చెప్పుకోకూడదు.

తమాండకు చూపు లేదు. ఈ వాక్యం ఎప్పుడూ రాయవలసిన పని పడలేదు. అయిదో ఏట తట్టు పోసి చూపు పోయింది. ఆ మరుసటి ఏడు వాళ్ళమ్మ, నా పెద్దమ్మాయి, పోయింది. అప్పటినుంచి నా దగ్గరే పెరిగింది. ఇప్పుడు పందొమ్మిది. తన చదువు తాను చదువుకుంది. ఎవరి దయా లేదు. మార్కుల్లో నా దయ కూడా లేదు.

ఒప్పుకోలు పేజీలో పేరు, పరీక్ష నంబరు, ఊరు అన్నీ తనే నింపుతుంది. ఫోన్ ఒక్కొక్క అక్షరం చదివి వినిపిస్తుంది. చిక్కు చివర్లో ఉంది. అక్కడ ఒక గడి. "నేను మనిషిని. ఈ వివరాలు నేనే స్వయంగా నింపాను." ఆ గడిలో టిక్కు పెట్టగానే తొమ్మిది బొమ్మలు వస్తాయి. అడిగిన వస్తువు ఏయే బొమ్మల్లో ఉందో వాటిని నొక్కాలి. మనుషులు నొక్కగలరట, యంత్రాలు నొక్కలేవట. ఆ బొమ్మల మీద తమాండ వేలు పెడితే ఫోన్ "బొమ్మ" అంటుంది. పక్కదాని మీద పెట్టినా "బొమ్మ." తొమ్మిదీ అంతే.

చూడలేనివాళ్ళు వినవచ్చునని చెవి గుర్తు ఒకటి పెట్టారు. అది నొక్కితే ఎవరో మగమనిషి నీళ్ళలో మునిగి మాట్లాడుతున్నట్టు నాలుగు మాటలంటాడు, వెనక ఒకటే గోల. ఆ మాటలు రాయాలి. మాది రేకుల కప్పు. ఇది వానల నెల. తమాండ నడుముకు చుట్టుకునే చిటెంజె గుడ్డ నెత్తిన కప్పుకుని, బల్ల కింద కూర్చుని, ఫోన్ చెవికి అదుముకుని వింది. రాసింది తప్పని పేజీ అంది. మళ్ళీ వింది. మళ్ళీ తప్పంది. చివరికి, మీ వైపు నుంచి యంత్రాలు పంపే రకం విన్నపాలు వస్తున్నాయి, తరువాత ప్రయత్నించండి, అని పేజీ చెవి గుర్తు కూడా మూసేసింది.

తమాండ బల్ల కింది నుంచి బయటికి వచ్చి నవ్వింది.

"అగోగో, నేను యంత్రాన్నట. యంత్రాన్నైతే ఇన్ని అంట్లు తోమితే నడుము నొప్పెందుకు?"

ఈ వీధిలో పిల్లలందరికీ నేను అగోగోనే, అమ్మమ్మనే. కాని నన్ను ఆటపట్టించే ధైర్యం ఒక్క తమాండకే ఉంది. మా ఇళ్ళల్లో మనవరాలు అమ్మమ్మను సవతి అనడం మామూలే. ఇది మరీ ముదురు. "మా ఆయన బతికుంటే ఈ బొమ్మలు చూసిపెట్టేవాడు. చిన్న పెళ్ళానికి ఆ మాత్రం చెయ్యడా?" అంది, వాళ్ళ తాతను తలచుకుని. నేను నవ్వలేదు. నవ్వితే ఇక ఆగదు.

పక్కింటి నబాండ, రోడ్డు మీద మండాసి బూరెలు వేసి అమ్మే మనిషి, పిండి చేతులతోనే వచ్చింది. అంతా విని, ఫోన్ ఇటివ్వండి నేను నొక్కుతాను, బస్సేదో చెట్టేదో నాకు తెలియదా అంది. వద్దన్నాను. "నేనే స్వయంగా" అన్న మాట కింద ఇంకొకరు వేలు పెట్టడం పరీక్ష హాల్లో పక్కవాడి కాగితం రాసిపెట్టడంతో సమానం. జీవితమంతా పరీక్ష హాళ్ళలో కాపలా కాసిన మనిషిని. నా ఇంట్లోనే అది జరగనిస్తానా.

"మీరు పైకి పోయాక దేవుణ్ణి కూడా హాల్ టికెట్ అడుగుతారు," అంది నబాండ, వెళ్తూ.

ఫిబ్రవరి 17, సోమవారం.

పొద్దున వాన లేదు. కరెంటూ లేదు. ఫోన్‌లో చార్జి లేదు.

సాయంత్రం కరెంటు వచ్చింది. వానా వచ్చింది.

ఫిబ్రవరి 18, మంగళవారం.

యూనివర్సిటీ ఆఫీసుకు ఫోన్ చేశాను. చాలాసేపు మోగాక న్యిరెండ అనే గుమాస్తా ఎత్తాడు. మర్యాదస్థుడే. తమాండ పరీక్ష నంబరు చెప్పాను. వెతికి, ఆ నంబరు తన దగ్గర కనిపించడం లేదన్నాడు. సీటు వచ్చినవాళ్ళ జాబితాలో ఉంటుంది, కాని ఆయన ముందు తెరిచి ఉండేది బొమ్మల పేజీ దాటి లోపలికి వచ్చినవాళ్ళ పట్టీ. అక్కడ లేదు. దాటనివాళ్ళు బయటే. బయట ఉన్నవాళ్ళకు ఆయన ఏమీ చేయలేడు.

"ఎలాగైనా ముందు లోపలికి రానివ్వండి మేడమ్. వచ్చాక ఏ ఇబ్బంది ఉన్నా నేను చూసుకుంటాను."

ఎలాగైనా అంటే ఏమిటని అడిగాను.

"ఇంట్లో కళ్ళున్నవాళ్ళు ఎవరూ లేరా మేడమ్?" అని నవ్వాడు.

ఒక ఆఫీసు మనిషి ఇవ్వవలసిన జవాబు అది కాదని చెప్పి పెట్టేశాను.

ఆయన ఏమన్నాడని తమాండ అడిగింది. నిబంధనలు మారవన్నాడని చెప్పాను. ఆయన అన్నదాని సారాంశం అదే.

ఫిబ్రవరి 19, బుధవారం.

పొద్దున కుంపటి రాజేస్తుండగా ఒక ఆలోచన వచ్చింది. పరీక్షల్లో చూపులేని పిల్లలకు ప్రశ్నలు చదివిపెట్టే మనిషిని ఇస్తారు. ఉన్నది ఉన్నట్టు చదవడమే ఆ మనిషి పని. అర్థం చెప్పకూడదు. జవాబు వైపు గొంతు కూడా వాల్చకూడదు. తమాండ పెద్ద పరీక్షలన్నీ అలాగే రాసింది. అదే పద్ధతిలో నేను బొమ్మల్లో ఉన్నది చెబుతాను. ఏది నొక్కాలో తాను తేల్చుకుంటుంది. వేలు నాదైనా నిర్ణయం తనది. అప్పుడు "నేనే స్వయంగా" అన్న మాట నిలబడుతుంది.

తమాండకు చెప్పాను. "సరే, చదవండి. గొంతు మాత్రం వాల్చకండేం," అంది.

మొదటిసారి పేజీ మంటలార్పే నీటి కొళాయిలు ఉన్న బొమ్మలు అడిగింది. పై వరుసలో ఎడమ నుంచి మొదలుపెట్టాను. రోడ్డు అంచున గడ్డి. గడ్డిలో ఒక పొట్టి ఎర్ర స్తంభం. దానికి రెండు పక్కలా చేతుల్లాంటివి. నెత్తిన టోపీ లాంటిది.

"అదేనా?"

"అదేనో కాదో చెప్పడం నా పని కాదు."

"మీకైనా తెలుసా అగోగో, అదెలా ఉంటుందో?"

తెలియదు. జోంబాలో అలాంటి వస్తువును నేనెప్పుడూ చూడలేదు. ఇక్కడ ఇల్లు అంటుకుంటే బకెట్లతో పరిగెత్తడమే. అయితే, తెలియదని చెప్పినా అదొక సూచన అవుతుందనిపించింది. తరువాతి బొమ్మ అన్నాను. ఏడో బొమ్మ చెబుతుండగా తెర తెల్లబడింది. సమయం అయిపోయిందట.

రెండోసారి బస్సులు.

"పసుపుపచ్చని పెద్ద బండి. పొడవునా నల్ల గీతలు. చాలా కిటికీలు."

"నొక్కండి."

"తెల్లని బండి. వెనక తలుపు. పక్కన అద్దాలు."

"మినీబస్సా, సామాన్ల బండా?"

"తెల్లని బండి."

"తలుపు పట్టుకుని మనుషులు వేలాడుతున్నారా?"

"ఎవరూ లేరు."

"అయితే మినీబస్సు కాదు. వదిలెయ్యండి."

నాకు నవ్వు వచ్చింది. దగ్గాను. వదిలేశాం. అది తప్పని పేజీ అంది.

మూడోసారి ఒకే పెద్ద బొమ్మను గడులుగా కోసి ఇచ్చింది. మోటారుసైకిలు ఉన్న గడులన్నీ నొక్కాలి. వెనక చక్రం అంచు పక్క గడిలోకి వేలి మందాన వచ్చింది. వచ్చిందని చెప్పాను. అది లెక్కలోకి వస్తుందా అని తమాండ అడిగింది. నేను మాట్లాడలేదు. మళ్ళీ అడిగింది. నా మౌనాన్ని బట్టి ఊహిస్తుందేమోనని, "చక్రం అంచు వేలి మందాన వచ్చింది," అని ఆ వాక్యమే ఇంకోసారి చెప్పాను. తమాండ నొక్కవద్దంది. పేజీ తప్పంది. ఈ ఫోన్ నుంచి ఇక రెండు రోజులు ప్రయత్నించకూడదని, శుక్రవారం మధ్యాహ్నం దాకా పేజీ మూసేసింది.

తమాండ నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. చిటెంజె కొసతో తుడిచి బల్ల మీద బోర్లా పెట్టింది.

"బాగా చదివారు అగోగో. మార్కులన్నీ మీకే."

బిందె తీసుకుని కొళాయి దగ్గరికి వెళ్ళిపోయింది.

నేను ఒక్క మాట కూడా ఎక్కువ చెప్పలేదు. చేసింది సరైనదే.

ఫిబ్రవరి 20, గురువారం.

నా ఫోన్ పాతది, అందులో ఇంటర్నెట్ రాదు. నబాండ తన ఫోన్ తెచ్చింది. అందులో చదివి వినిపించే గొంతు లేదు, నొక్కితే తనే నొక్కాలి. నేను ఒప్పుకోలేదు. ఈసారి నబాండ హాస్యమాడలేదు. "ఆ పిల్ల మీ విద్యార్థి కాదు మేడమ్, మీ మనవరాలు," అని గుమ్మంలోంచే వెనక్కి తిరిగింది.

తమాండ రోజంతా మొక్కజొన్న ఒలిచింది. ఒలవాల్సినదానికంటే ఎక్కువ ఒలిచింది.

చేసింది సరైనదే.

ఫిబ్రవరి 21, శుక్రవారం.

మొదటి నుంచి రాస్తాను.

మధ్యాహ్నం భోజనాల్లో మొక్కజొన్న పిండి న్సీమా ముద్ద, ఉసీపా చేపలు. తమాండ సగమే తిని లేచింది. ఫోన్ చార్జికి పెట్టి, నబాండతో కలిసి పిండిమరకు వెళ్ళింది. పేజీ తెరుచుకునే వేళకు వచ్చేస్తానంది. మర దగ్గర ఎప్పుడూ వరుస ఉంటుంది. ఆలస్యమవుతుందని తనకూ తెలుసు. ఇక ఆ పేజీ మీద ఆశ వదిలేసుకుందని నాకు అర్థమైంది.

పేజీ తెరుచుకుంది. తమాండ ఇంకా రాలేదు. ఫోన్ తీసుకున్నాను. తాళం అంకెలు నాకు తెలుసు, వాళ్ళమ్మ పుట్టినరోజు. ఎందుకు తీసుకున్నానో రాయడానికి చాలాసేపు కూర్చున్నాను. భయం వేసింది. అంతకంటే సరైన మాట దొరకలేదు.

పేరు నింపాను. నంబరు నింపాను. "నేను మనిషిని. ఈ వివరాలు నేనే స్వయంగా నింపాను" అన్న గడిలో టిక్కు పెట్టాను. ఫోన్‌లోని గొంతును ఆపడం నాకు చేతకాలేదు. వేలు పెట్టిన ప్రతిచోటా అది ఖాళీ ఇల్లంతా వినిపించేలా అరిచింది. బొమ్మ. బొమ్మ. బొమ్మ. రెండుసార్లు తప్పు నొక్కాను, నా కళ్ళద్దాలు కొత్తవే అయినా. మూడోసారి మెట్లు అడిగింది. మెట్లు నాకు తెలుసు. పచ్చ టిక్కు వచ్చింది.

ఇన్ని రోజుల గుమ్మం అంత తేలిగ్గా తెరుచుకుంది.

దాని వెనక ఇంకో గుమ్మం ఉంది.

"మీరు నిజంగా ఎదురుగా ఉన్నారని చూపండి. ముఖాన్ని కెమెరా ముందు ఉంచండి. తల కదపకండి. చుక్క ఎటు కదిలితే కళ్ళు అటు కదపండి."

బల్ల దగ్గర కూర్చుండిపోయాను. నబాండ, తమాండ పిండి సంచితో వచ్చేసరికి అలాగే ఉన్నాను. తమాండ సంచి దించింది. ఫోన్ నా చేతిలో ఏదో గొణుగుతోంది. అది విని గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎవరు నొక్కారు?"

"లోపలికి వచ్చాం. ముఖం చూపించమంటోంది. రా, కూర్చో."

"ఎవరు నొక్కారు అగోగో?"

"నేను."

"ఎంతసేపు పట్టింది?"

"కాసేపు."

"కాసేపు," అంది.

వచ్చి కూర్చుంది. నేను ఫోన్ ఎత్తి పట్టుకున్నాను. నబాండ వెనక నిలబడి తమాండ తల కదలకుండా రెండు చేతులా పట్టుకుంది. ఆమె చేతుల పిండి తమాండ చెంపలకు అంటింది. చుక్క ఎడమకు వెళ్ళింది. "ఎడమకు," అన్నాను. తమాండ కళ్ళు పైకి పోయాయి. "ఎడమకు చూడు."

"చూడడమంటే ఏం చెయ్యాలి అగోగో? అవెటు తిరిగాయో నాకెలా తెలుస్తుంది?"

చుక్క కుడికి వెళ్ళింది, కిందికి వెళ్ళింది. తమాండ కళ్ళు వాటి దారిన అవి కొట్టుకుంటున్నాయి. ఎదురుగా ఎవరూ లేరని పేజీ చెప్పింది. మళ్ళీ పెట్టాం. ఎవరూ లేరంది. నబాండ తన ముఖం పెట్టి చూసింది. దరఖాస్తులోని ఫోటోతో కలవడం లేదంది. న్యిరెండకు నా ఫోన్ నుంచి చేశాను. మోగింది. ఎవరూ ఎత్తలేదు. శుక్రవారం సాయంత్రం ఏ ఆఫీసులో ఎవరు ఎత్తుతారు. మళ్ళీ చేశాను. మళ్ళీ పెట్టాం. వాన మొదలైంది. ఎవరూ లేరంది.

అయిదు గంటలకు ఫోన్‌లోని గొంతు, బొమ్మ బొమ్మ అన్న ఆ గొంతుతోనే, గడువు ముగిసిందని చదివింది.

నబాండ ఏమీ అనకుండా వెళ్ళింది. అది మామూలు విషయం కాదు.

తమాండ చెంపల పిండి తుడుచుకుంది. అప్పుడు అడిగింది, గొంతు పెంచకుండా.

"పరీక్షకు మిమ్మల్ని ఎవరు కాపలా పెట్టారు అగోగో? ఎవరైనా ఉత్తరం ఇచ్చారా?"

గడి పక్కన ఉన్న వాక్యం సంగతి చెప్పాను. "నేనే స్వయంగా" అని స్పష్టంగా ఉందన్నాను.

"ఆ వాక్యం రాసినవాళ్ళు యంత్రాలు రాకుండా రాశారు. మీరు నన్ను రాకుండా చేశారు."

నేను వంటింట్లోకి వెళ్ళాను. పని ఏమీ లేదు. వెళ్ళాను.

ఫిబ్రవరి 22, శనివారం.

తమాండ నాతో ఒక మాట మాట్లాడింది. "ఉప్పెక్కడుంది మేడమ్?"

మా రెండో అమ్మాయి రోడా మ్జూజూలో ఉంటుంది. తమాండ వాళ్ళ పిన్నితో చాలాసేపు ఫోన్‌లో మాట్లాడింది, గది తలుపు వేసుకుని. కొన్నాళ్ళు అక్కడికి వస్తానని అడిగిందట. రోడా నాకు ఫోన్ చేసి చెప్పింది. "ఏం చేశావమ్మా దాన్ని?" అంది. యూనివర్సిటీవాళ్ళ పేజీ బాగా లేదని చెప్పాను. పేజీ బాగా లేని మాట నిజమే.

ఫిబ్రవరి 23, ఆదివారం.

చర్చికి ఒంటరిగా వెళ్ళాను. వచ్చేసరికి తమాండ పచ్చి మొక్కజొన్న పొత్తులు ఉడకబెట్టింది. ఒకటి నా చేతికిచ్చింది, ముదురుది, నాకు ఇష్టమైనది. గింజలు తడిమి ఏరి పెట్టిందన్నమాట. వసారాలో పక్కన కూర్చుంది.

"నిన్నంతా ఆలోచించాను. ఆ ముఖం పేజీ మనం ఎలాగూ దాటేవాళ్ళం కాదు అగోగో. బొమ్మలు ఎప్పుడు నొక్కినా, ఎవరు నొక్కినా, అక్కడికొచ్చి ఆగేవాళ్ళమే. మీరేం చేసినా అంతే అయ్యేది."

నేను పొత్తు తింటూ ఉన్నాను.

"పిన్నికి రానని చెప్పేశాను. ముసలి సవతిని వదిలేసి పోతే ఊరేమంటుంది?"

నవ్వాను. ఈసారి దగ్గలేదు. దానికి నా నవ్వు వినిపించింది, తన భుజంతో నా భుజాన్ని తోసింది. మీరేం చేసినా అంతే అయ్యేది. ఆ మాటను మనసులో చాలాసార్లు చెప్పుకున్నాను. మీరేం చేసినా అంతే అయ్యేది.

ఫిబ్రవరి 24, సోమవారం.

న్యిరెండకు ఫోన్ చేశాను, బజారులో నిలబడి. ఇంట్లోంచి ఎందుకు చేయలేదో నాకు తెలుసు.

తమాండ నంబరు చెప్పకముందే గుర్తుపట్టాడు. మంగళవారం కోప్పడిన మేడమ్ కదా అన్నాడు. శుక్రవారం మధ్యాహ్నం తమాండ పేరు తన పట్టీలోకి వచ్చిందట. ఆయన అప్పటికే ఇంటికి బయలుదేరాడు. ఈ ఉదయం చూసి, అయ్యో అనుకున్నాడట. ముఖం పేజీ దగ్గర ఆగిపోయాం, దాన్ని చూపులేనివాళ్ళు దాటే వీలే లేదు, ఆ మాట మీరు ఒప్పుకోవాలి అన్నాను. ఒప్పుకున్నాడు. వెంటనే ఒప్పుకున్నాడు. అక్కడితో ఫోన్ పెట్టేసి ఉంటే బాగుండేది.

ఇంకొక అబ్బాయి ఉన్నాడట, కరోంగావాడు, చూపు లేదు. మొదటి రోజే వాళ్ళక్క బొమ్మలు నొక్కింది. ముఖం పేజీ దగ్గర ఆగిపోయి, ఫోన్ చేశారు. న్యిరెండ ముఖం పేజీకి బదులుగా ఒక కాగితం పంపాడు. బడి హెడ్‌మాస్టరు ముద్ర వేసి ఇచ్చాడు. రెండు రోజుల్లో అయిపోయింది. ఆ అబ్బాయికి హాస్టల్ గది కూడా ఇచ్చేశారు.

"మీ అమ్మాయి పేరు గురువారం కనబడినా చేసేసేవాణ్ణి మేడమ్. ఆ రోజు చెప్పాను కదా, ఎలాగైనా లోపలికి రమ్మని."

చెప్పారు అన్నాను.

సీటు తరువాతి పేరుకు పోయింది. ఆ పిల్ల పొద్దుననే ఒప్పుకోలు పంపేసిందట. తమాండ కావాలంటే వచ్చే ఏడు మళ్ళీ మొదటి నుంచి దరఖాస్తు పెట్టుకోవాలి. సీటు మళ్ళీ వస్తుందో రాదో ఎవరూ చెప్పలేరు. ఇవన్నీ ఆయన చాలా నెమ్మదిగా, నేను పెద్దదాన్నని గుర్తుపెట్టుకుని చెప్పాడు. నాకు తెలిసిన మర్యాదలన్నీ ఆయనకు తెలుసు.

ఇంటికి వచ్చేసరికి తమాండ పాడుకుంటూ ఆకుకూర తరుగుతోంది. ఎక్కడికి వెళ్ళారంది. బజారుకు అన్నాను. ఏం తెచ్చారంది. ఏమీ తేలేదన్నాను. మతిమరుపు వస్తోంది మా ముసలిదానికి, అని మళ్ళీ పాట అందుకుంది.

నేను చెప్పకపోతే ఎవరూ చెప్పరు. కరోంగా చాలా దూరం. నబాండకు తెలియదు. రోడాకు తెలియదు. తమాండ నిన్న తనంతట తానే ఒక లెక్క వేసుకుని నన్ను క్షమించింది. ఆ లెక్క తప్పు. తప్పని నాకు ఒక్కదానికే తెలుసు. తప్పు లెక్క మీద వచ్చిన మార్కులు ఉంచుకోవచ్చునా అని బడిలో ఏ పిల్ల అడిగినా నేను క్షణం ఆలోచించకుండా జవాబు చెప్పేదాన్ని. సాయంత్రం నుంచి ఆలోచిస్తున్నాను.

పక్క గదిలో అది ఇంకా పాడుతోంది.

జరగవలసినవి:

1. రేపు ఉదయం, టీ పెట్టకముందే, కరోంగా అబ్బాయి సంగతి తమాండకు చెప్పాలి. నేనే చెప్పాలి.

2. పోయిన మంగళవారం న్యిరెండ అన్న మాట అన్నట్టుగా చెప్పాలి. నిబంధనలు మారవని ఆయన అనలేదని చెప్పాలి. సారాంశం చెప్పకూడదు.

3. చెప్పేటప్పుడు "నాకు తోచిన మంచి" అన్న మాట వాడకూడదు.

4. ఫోన్ తాళం అంకెలు మార్చుకోమనాలి. కొత్తవి నాకు చెప్పవద్దనాలి.

5. తను ఎంతసేపు మాట్లాడకపోయినా వంటింట్లోకి వెళ్ళకూడదు.

6. బొమ్మల పేజీ గురించి, ముఖం పేజీ గురించి యూనివర్సిటీ పెద్దలకు ఉత్తరం రాయాలి. అందులో నా పేరు, నేను చేసింది కూడా ఉండాలి. తమాండ వద్దంటే పంపకూడదు.

7. మ్జూజూ వెళ్తానంటే రోడాకు కబురు పెట్టాలి. సంచి బస్సు దాకా నేను మోయాలి. మళ్ళీ ఎప్పుడొస్తావని అడగకూడదు.